పండుగ కానుకగా గుప్పెడు పూల విత్తనాలు

ఇంగ్లండులో ఆనవాయితీ - మన గట్లకూ పనికొచ్చే పాఠం

డిసెంబరు నెల వచ్చిందంటే మెదక్ పట్టణం కళే వేరు. చర్చి గోపురానికి దీపాలు, మైదానం నిండా దుకాణాలు, చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లోనూ ఆటోల్లోనూ తరలివచ్చే జనం. 1914లో పని మొదలై పదేళ్ళు సాగిన ఈ చర్చిని 1924 డిసెంబరు 25న, అంటే సరిగ్గా క్రిస్మస్ రోజునే, ప్రారంభించారు. ఇంగ్లండు నుంచి వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని చూపించి, కూడు పెట్టి కట్టించిన గుడి ఇదని ఈ ప్రాంతంలో పెద్దలంతా చెప్పుకుంటారు. 2024తో దీనికి నూరేళ్ళు నిండాయి.

క్రిస్మస్ అంటే ఒకరికొకరు కానుకలు ఇచ్చుకునే పండుగ. పిల్లలకు కొత్త బట్టలు, ఇరుగుపొరుగుకు కేకు ముక్క, పిండివంటలు పంచడం మన పల్లెల్లోనూ ఉన్నదే. ఇటీవల మెరుపు కాగితాల్లో చుట్టిన ప్లాస్టిక్ బొమ్మలు, అలంకార వస్తువులు కూడా బాగా పెరిగాయి. పండుగ వెళ్ళిన పదో రోజున చూస్తే వాటిలో సగం చెత్తకుప్ప మీద కనిపిస్తాయి. మెరుపు పూత పూసిన కాగితాన్ని తిరిగి కాగితంగా మార్చడానికీ వీలు లేదు. తగలబెడితే పొగ, పారేస్తే పశువుల కడుపులోకి.

పాస్నెట్ దొర పుట్టిన ఇంగ్లండులో కొంతకాలంగా మరో రకం కానుక వాడుకలోకి వచ్చింది. అదే పూల విత్తనాల పొట్లం. గులాబీ, చామంతి లాంటి తోట పూలు కావు. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా బీళ్ళలోనూ గట్ల మీదా వాటంతట అవే పూచే అడవి పూల విత్తనాలు. పెరటి మొక్కలంటే మక్కువ ఉన్న బంధువులకు, స్నేహితులకు ఇవి క్రిస్మస్ కానుకగా పంపుతారు. కొందరు విత్తనాలు కలిపి తయారుచేసిన కాగితం మీదే శుభాకాంక్షలు రాసి ఇస్తారు. చదివిన తర్వాత ఆ కాగితాన్ని తడిపి మట్టిలో పరిస్తే చాలు, మొలకలు వస్తాయి. ఖర్చు తక్కువ, చెత్త లేదు. బాగా పడితే ఏటేటా పూసే కానుక.

ఇదేదో దొరల సరదా అనుకుంటే పొరపాటే. దీని వెనుక ఒక నష్టం కథ ఉంది. ఆ నష్టం మన పొలాల గట్ల మీద కూడా మొదలైంది కనుక ఆ కథ ఇక్కడి రైతులు తెలుసుకోదగినదే.

నూటికి తొంభై ఏడు పోయాయి

ఇంగ్లండులో పూర్వం ప్రతి ఊరికీ గడ్డి బీళ్ళు ఉండేవి. చలికాలం పశువుల మేత కోసం వేసవి దాకా గడ్డిని పెరగనిచ్చి, కోసి, ఎండబెట్టి, వాముల్లో దాచుకునేవారు. ఆ బీళ్ళను దున్నేవారు కాదు, ఎరువు పెద్దగా వేసేవారు కాదు. అందుచేత గడ్డితోపాటు పదుల రకాల పూల మొక్కలు కూడా బతికేవి. గడ్డి కోత నాటికి వాటి విత్తనాలు రాలిపోయి, మరుసటి ఏడు మళ్ళీ మొలిచేవి. తేనెటీగలు, తుమ్మెదలు, సీతాకోకచిలుకలు వాటి మీద ఆధారపడి బతికేవి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఓడలు రావడం కష్టమై తిండిగింజలకు కటకట ఏర్పడింది. ఎక్కడ బీడు కనిపిస్తే అక్కడ దున్ని గోధుమ, బంగాళాదుంప వేయమని ప్రభుత్వమే చెప్పింది. యుద్ధం ముగిసిన తర్వాత ట్రాక్టర్లు, రసాయన ఎరువులు వచ్చాయి. ఎరువు తిన్న గడ్డి ఏపుగా పెరిగి పూల మొక్కలను అణచివేసింది. ఎండుగడ్డికి బదులు పచ్చిగడ్డినే ముందుగా కోసి పాతర వేయడం అలవాటయింది. పూలు విత్తనం కట్టకముందే కొడవలి పడింది.

ఫలితం ఏమిటంటే, 1930ల నాటికి ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాల్లో ఉన్న పూల బీళ్ళలో నూటికి 97 వంతులు 1980ల మధ్య నాటికే మాయమయ్యాయి. వాటితోపాటు తుమ్మెదలూ తగ్గాయి. పొట్టి వెంట్రుకల తుమ్మెద అనే ఒక జాతి 1988 తర్వాత అక్కడ కనిపించలేదు. 2000లో అది ఆ దేశంలో అంతరించిందని ప్రకటించారు.

దున్నిన రైతును తప్పుపట్టడానికి లేదు. అతను దేశానికి తిండి పెట్టాడు. అయితే పూలు పోతే ఈగలు పోతాయి, ఈగలు పోతే కాయ కట్టదు అన్న సంగతి ఆ హడావుడిలో ఎవరికీ తట్టలేదు.

'రైతుకు పీడకల'

ఈ నష్టాన్ని ముందుగా గుర్తించి పనికి పూనుకున్న వారిలో మిరియం రోత్‌షీల్డ్ ఒకరు. కీటక శాస్త్రంలో పేరుమోసిన ఈమె పెద్ద బ్యాంకుల యజమానుల ఇంటి ఆడపడుచు. పాత బీళ్ళలో మిగిలిన పూల విత్తనాలు ఏరి, తన భూమిలోనే పెంచి, వాటిని కలిపి పొట్లాలుగా ఇతరులకు అందించారు. పంట చేలలో పూచే పూల విత్తనాల మిశ్రమం ఒకదానికి ఆమె పెట్టిన పేరు 'రైతుకు పీడకల'. రైతులు తరతరాలుగా కలుపు అని పీకి పారేసిన మొక్కలే అందులో ఉన్నాయి మరి! అప్పటి యువరాజు చార్లెస్ తన తోటలో పూల బీడు పెంచినప్పుడు సలహా ఇచ్చింది కూడా ఈమే. 2005లో 96 ఏళ్ళ వయసులో ఆమె కన్నుమూశారు.

ఆ తర్వాత ఎన్నో సంస్థలు ఈ పనిలోకి దిగాయి. లండన్‌లోని ప్రసిద్ధ క్యూ వృక్షశాస్త్ర ఉద్యానం 2000లో ససెక్స్ ప్రాంతంలో ఒక విత్తన నిధిని ప్రారంభించింది. ప్రపంచం నలుమూలల నుంచి సేకరించిన సుమారు 40 వేల మొక్క జాతుల విత్తనాలను అక్కడ గడ్డకట్టే చలిలో దాచి ఉంచారు. 2014 నుంచి కొన్నేళ్ళపాటు ఇదే ఉద్యానం ప్రజలకు స్వదేశీ పూల విత్తనాలను ఉచితంగా పంచింది. పండుగ కానుకగా విత్తనాల పొట్లం ఇవ్వడం ఈ గాలిలోనే ఊపందుకుంది.

క్రిస్మస్‌కే గడువు ముగిసే విత్తనం

అక్కడి విత్తనాల్లో ఒకదాని సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దాని పేరు యెల్లో రాటిల్. పచ్చని చిన్న పూల మొక్క. కాయ ఎండినప్పుడు లోపలి గింజలు గిలక్కాయలాగా గలగలమంటాయి. అందుకే ఆ పేరు. ఆ చప్పుడు వినిపిస్తే గడ్డి కోతకు వేళయిందని పూర్వం రైతులు లెక్క వేసుకునేవారు.

ఈ మొక్క తన వేళ్ళను గడ్డి వేళ్ళకు అతికించి వాటి సారం కొంత పీలుస్తుంది. గడ్డి బలం తగ్గుతుంది. దాంతో మిగిలిన పూల మొక్కలకు చోటు దొరుకుతుంది. ఇది లేకుండా పాత పచ్చిక మీద పూల బీడు నిలబెట్టడం కష్టమని అక్కడి వారి అనుభవం.

దీని విత్తనానికి రెండు షరతులు. ఒకటి, చలికాలం చలి తగిలితే గాని మొలవదు. రెండు, ఏడాది దాటితే మొలక శక్తి బాగా పడిపోతుంది. కాబట్టి ఆ ఏటి విత్తనాన్ని ఆ ఏడు డిసెంబరు లోపే నేల మీద చల్లాలి. క్రిస్మస్‌కు ఈ పొట్లం అందుకున్నవాడు పండుగ మర్నాడే పని చేయాలి. వచ్చే వేసవికి చూద్దాంలే అని అలమరలో పెడితే కానుక కాస్తా దుమ్ము అయిపోతుంది.

ఇచ్చిన ప్రతి పొట్లమూ పూస్తుందా?

పూయదు. ఇంగ్లండులో కూడా ఎన్నో పొట్లాలు వృథా అయ్యాయి. కారణాలు తెలిసినవే.

మొదటిది, సారవంతమైన నేల. కానుక కదా అని తోటలో మంచి పెంటమట్టి వేసి, అందులో చల్లుతారు. అడవి పూలకు బలమైన నేల అక్కర్లేదు. అక్కడ గడ్డీ కలుపూ ముందు లేచి వీటిని మింగేస్తాయి. పేద నేలే వీటికి సిరి. అందుకే అక్కడ కొందరు పైమట్టిని తీసేసి మరీ విత్తుతారు.

రెండోది, ఉన్న పచ్చిక మీదే విత్తనం విసరడం. విత్తనం నేలను తాకకపోతే మొలవదు. గడ్డి గీకి, మట్టి కనిపించేలా చేసి, విత్తనాన్ని ఇసుకతో కలిపి చల్లి, కాలితో అదమాలి. చదరపు మీటరుకు అయిదు గ్రాములు చాలు. ఎక్కువ చల్లితే ఎక్కువ పూలు రావు, మొలకలు ఒకదానినొకటి చంపుకుంటాయి.

మూడోది అన్నిటికన్నా పెద్దది. చౌకగా వస్తున్నాయని ఎక్కడెక్కడి విత్తనాలో కలిపిన పొట్లాలు కొనడం. పైన బొమ్మ అందంగా ఉంటుంది. లోపల వేరే ఖండం పూలు ఉంటాయి. ఒక ఏడాది రంగురంగులుగా పూసి, మర్నాటి ఏడాదికి ఏమీ మిగలదు. లేదా మిగలకూడనిది మిగిలి పక్క పొలాలకు పాకుతుంది.

ఈ మూడో తప్పు నుంచి నేర్చుకున్న పాఠంతోనే 2013లో అక్కడ ఒక మంచి కార్యక్రమం నడిచింది. ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం జరిగి అరవై ఏళ్ళయిన సందర్భంగా, అప్పటికి యువరాజుగా ఉన్న ఇప్పటి రాజు చార్లెస్ ప్రోత్సాహంతో జిల్లాకొక పూల బీడు పెంచాలని నిర్ణయించారు. విత్తనాలు దుకాణంలో కొనలేదు. ప్రతి జిల్లాలోనూ ఇంకా బతికి ఉన్న ఒక పాత బీడును వెతికారు. దాని గడ్డిని విత్తనంతో సహా కోసి, అదే జిల్లాలోని కొత్త నేల మీద పరిచారు. విత్తనం అక్కడే రాలి మొలిచింది. ఆ నేల విత్తనం ఆ నేలకే అన్నమాట. ఈ పద్ధతిలో తొంభై దాకా కొత్త బీళ్ళు తయారయ్యాయి.

మెదక్ చర్చిలో రంగు అద్దాల కిటికీలు ఇంగ్లండు నుంచి వచ్చాయి. నేల మీది పలకలూ అక్కడి నుంచే తెచ్చారని చెబుతారు. నూరేళ్ళయినా చెక్కుచెదరలేదు. అద్దం ఎక్కడి నుంచి వచ్చినా గోడకు ఒదిగిపోతుంది. విత్తనం సంగతి అలా కాదు. అది పుట్టిన ఊరినీ, వానలనూ, ఈగలనూ గుర్తుపెట్టుకుంటుంది.

అందం చూసి తెచ్చుకున్న అనర్థం

దూరదేశపు పూల మీద మోజు ఎంత చేటు చేస్తుందో మన రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. చెరువుల్లో నీళ్ళు కనపడకుండా అల్లుకునే గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. దాని ఊదా పూల అందం చూసే మన దేశానికి తెచ్చారు. అడవుల్లో మేత మొక్కలను మింగేసిన లాంటానా కంప తెల్లదొరల కాలంలో తోటల అలంకారానికి తెచ్చినదే. ఇక వయ్యారిభామ సరేసరి. 1950లలో పుణె దగ్గర కనిపించిన ఆ మొక్క అమెరికా నుంచి వచ్చిన గోధుమల్లో కలిసి వచ్చిందని చెబుతారు. ఇవాళ అది లేని రోడ్డు పక్క లేదు. తగిలితే ఒంటికి దురద, పీలిస్తే ఆయాసం.

ఇప్పుడు మన జిల్లా నుంచి అమెరికా, ఇంగ్లండు వెళ్ళిన పిల్లలు లేని ఊరు అరుదు. పండుగకు ఇంటికి వచ్చేటప్పుడు అక్కడి పూల విత్తనాల పొట్లం ఒకటి సంచిలో వేసుకు రావాలనిపించడం సహజం. ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడు అమ్మ ఇచ్చిన బీర, చిక్కుడు గింజలు పట్టుకెళ్ళాలనిపించడమూ సహజమే. రెండూ చట్టంతో ముడిపడిన పనులు. విదేశీ విత్తనం మన దేశంలోకి రావాలంటే 2003 నాటి ఉత్తర్వుల ప్రకారం దిగుమతి అనుమతి ఉండాలి. తెగుళ్ళు, పురుగులు లేవని ఆ దేశపు ప్రభుత్వ అధికారులు ఇచ్చిన ధ్రువపత్రం కూడా ఉండాలి. అమెరికాలోనూ ఇలాంటి నిబంధనలే ఉన్నాయి. విమానాశ్రయంలో చెప్పకుండా దాచి తీసుకువెళితే జరిమానా పడుతుంది.

ఈ జాగ్రత్త ఎందుకో 2020 వేసవిలో జరిగిన సంగతి చెబుతుంది. అమెరికాలో వేలాది మందికి అడగకుండానే టపాలో విత్తనాల పొట్లాలు వచ్చాయి. చాలావాటి మీద చైనా ముద్ర ఉంది. ఎవరు పంపారో, ఎందుకు పంపారో తెలియక జనం కంగారుపడ్డారు. వాటిని నాటవద్దు, పారేయవద్దు, తమకు అప్పగించండని అక్కడి వ్యవసాయ శాఖ ప్రకటించవలసి వచ్చింది. పేరూ ఊరూ తెలియని విత్తనం కానుక కాదు.

మనకు కొత్త కాదు

అంతమాత్రాన విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడం మనకు తెలియని విద్య కాదు. పెళ్ళిళ్ళలో మూకుళ్ళలో నవధాన్యాలు మొలకెత్తించే ఆచారం ఉన్నదే. తండాల్లో తీజ్ పండుగకు ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, వాటి చుట్టూ ఆడిపాడతారు. జహీరాబాద్ ప్రాంతపు మహిళా సంఘాల రైతులు జొన్న, కొర్ర, సామ వంటి పాత పంటల విత్తనాలను గుమ్ముల్లోనూ బుట్టల్లోనూ దాచి ఒకరికొకరు చేబదులుగా ఇచ్చుకుంటారు. తీసుకున్నవారు పంట వచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తారు. సంక్రాంతి నుంచి పాత పంటల జాతర పేరుతో ఆ విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా ఊరేగించారు. పస్తాపూర్ కేంద్రంగా సాగిన ఈ కృషికి 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

పటాన్‌చెరులో 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ సంస్థలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ తదితర పంటల విత్తనాలు లక్షకు పైగా రకాలు భద్రంగా ఉన్నాయి. అవన్నీ తిండి పంటలు. బీడు పూల విత్తనాలకు మాత్రం పొలం గట్టే గిడ్డంగి. గట్టు పోతే విత్తనమూ పోతుంది.

గట్టు మీద పూలు ఏమైనట్టు?

బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు కోసుకురావడానికి ఒకప్పుడు ఊరు దాటితే చాలు. ఇవాళ ఎంతో దూరం తిరగవలసి వస్తోంది. పట్నాల్లోనైతే అంగట్లో కట్టలు కొనుక్కోవడమే. కారణాలు ఇంగ్లండు కథలో విన్నవే. బీళ్ళు ప్లాట్లయ్యాయి. గట్లు సన్నబడ్డాయి. చేతితో కలుపు తీసేచోట గడ్డి మందు వచ్చింది. మందు కొట్టిన గట్టు మీద గునుగూ ఉండదు, తుమ్మీ ఉండదు. ఇంకో కారణం మన చేతుల్లోనే ఉంది. గునుగును పూత మీద ఉండగానే మొక్క మొదలంటా పీకేస్తే వచ్చే ఏటికి విత్తనం ఎక్కడిది?

పూలు పోతే నష్టం పండుగకే కాదు. గుమ్మడి, దోస తీగల మీద మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. ఈగ వాలితేనే పిందె నిలుస్తుంది. పొద్దుతిరుగుడు గింజ నిండాలన్నా తేనెటీగ కావాలి. పంట పూత ఉండేది కొద్ది వారాలు మాత్రమే. మిగిలిన రోజులన్నీ ఆ ఈగ ఏం తిని బతకాలి? గట్టు మీది తంగేడు, తుమ్మి, గడ్డి పూలే దానికి ఆధారం.

గునుగు కలుపు మొక్క కదా, దాన్ని ఎవరైనా విత్తుతారా అని రైతులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జొన్న చేనులో, పత్తి చేనులో గునుగు కలుపే. అక్కడ తీసేయవలసిందే. 'రైతుకు పీడకల' అని పేరు పెట్టిన రోత్‌షీల్డ్‌కూ ఆ సంగతి తెలుసు. చేనులో చల్లమని ఎవరూ అనరు. చేనుకు దూరంగా ఉన్న బీడు మూల, చెరువు కట్ట వెలుపలి వాలు, బడి ప్రహరీ వెంట, ఇంటి దొడ్డి కంచె వెంట అయితే చాలు. పొలం గట్టు మీదైతే తంగేడు లాంటి పొదలే మేలు. ఇంగ్లండులో పాత పూలు ఎక్కువగా మిగిలిన చోట్లలో చర్చిల సమాధుల దొడ్లు కూడా ఉన్నాయి. అక్కడ నాగలి పడలేదు కాబట్టి. మన పల్లెల్లోనూ సమాధుల దొడ్లు, దర్గాల పరిసరాలు, గుడి మాన్యపు బీళ్ళు అలాంటి చోట్లే.

ఏ విత్తనాలు ఇవ్వవచ్చు?

తంగేడు: ఇది తెలంగాణ రాష్ట్ర పుష్పం. వానలు లేకపోయినా తట్టుకుంటుంది. పశువులు పెద్దగా ముట్టవు. దీని రొట్టను వరి మడిలో తొక్కడం పాత రైతులకు తెలిసిన పనే. ఎండి గోధుమ రంగుకు తిరిగిన కాయలను కోసి గింజలు వలవాలి. గింజ పెంకు గట్టిది. విత్తే ముందు వేడి నీళ్ళు పోసి రాత్రంతా నాననివ్వాలి. లేదా గరుకు ఇసుకలో వేసి రుద్దాలి.

గునుగు: ఎండిన కంకిని కాగితం మీద దులిపితే ఆవాల కన్నా చిన్నవైన నల్లని మెరిసే గింజలు రాలుతాయి. విత్తేటప్పుడు ఇసుకతో కలిపి పైపైన చల్లాలి. లోతుగా కప్పకూడదు.

తుమ్మి: వినాయక చవితి నాడు ఈ కూర తినే ఇళ్ళు చాలా ఉన్నాయి. తెల్లని చిన్న పూల మీద తేనెటీగలు ఎప్పుడూ వాలుతూ ఉంటాయి. ఎండిన గుత్తులను నలిపితే గింజలు వస్తాయి.

శంఖుపుష్పం: కంచె మీద పాకే తీగ. చిక్కుడు జాతిది కావడం వల్ల నేలకు బలమిస్తుంది. కాయలు పగలకముందే కోయాలి. గింజలు రాత్రంతా నానబెట్టి నాటాలి.

కొన్ని అసలు ఇవ్వకూడనివి ఉన్నాయి. గురివింద గింజ ఎర్రగా నల్లగా ముచ్చటగా ఉంటుంది. కాని నమిలి మింగితే ప్రాణాలకే ముప్పు. ఉమ్మెత్త గింజలూ విషమే. పిల్లలు తిరిగే ఇళ్ళకు వీటిని పంపరాదు.

పొట్లం కట్టే పద్ధతి

డిసెంబరు నాటికి మన దగ్గర చాలా కాయలు ఎండి ఉంటాయి. కనుక క్రిస్మస్‌కు ముందు రెండు మూడు వారాలే ఏరడానికి మంచి అదను. ఒకచోట పది కంకులుంటే ఒకటి రెండుకు మించి కోయకూడదు. మిగిలినవి ఆ చోటికే, అక్కడి పిట్టలకే వదలాలి. ఇతరుల పొలమైతే అడిగి కోయాలి. రిజర్వు అడవి జోలికి పోరాదు.

ఏరిన గింజలను మూడు నాలుగు రోజులు నీడన ఆరబెట్టాలి. పుచ్చులు, తాలు చెరిగి తీసేయాలి. ఇరవై గింజలు తడి గుడ్డలో చుట్టి మొలక వస్తుందో లేదో చూసుకోవాలి. సగం కూడా మొలవకపోతే ఆ విత్తనం ఇచ్చి మాట పడడం దేనికి? మంచివాటిని కాగితం పొట్లంలో కట్టాలి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. పొట్లం మీద పువ్వు పేరు, ఏ ఊరి గట్టు మీద ఏరినది, ఎప్పుడు విత్తాలి అన్న మూడు మాటలు రాయడం మరువకూడదు.

ఇక్కడే మనకూ ఇంగ్లండుకూ తేడా. అక్కడ డిసెంబరు చలి విత్తనాన్ని నిద్రలేపుతుంది. ఇక్కడ నిద్రలేపేది వాన. డిసెంబరులో చల్లితే చీమల పాలు. కాబట్టి పొట్లం మీద 'మృగశిర కార్తెలో, మొదటి గట్టి వాన పడిన తర్వాత చల్లాలి' అని స్పష్టంగా రాయాలి. జూన్ దాకా ఆ పొట్లాన్ని కాస్త బూడిద, ఎండిన వేపాకు వేసిన చిన్న కుండలో మూతపెట్టి, చెమ్మ తగలని చోట ఉంచితే చాలు.

గింజలను మట్టి, పెంటలో కలిపి ఉండలు చేసి ఇవ్వడం మరో పద్ధతి. జపాన్ రైతు మసనోబు ఫుకుఓకా ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో మహబూబ్‌నగర్ జిల్లా మహిళా సంఘాల వారు 2020లో కోటికి పైగా విత్తన బంతులు చేశారు. బడి పిల్లలకు ఇది ఆటలాంటి పని. తంగేడు లాంటి పెద్ద గింజలకు బాగుంటుంది. గునుగు గింజ మరీ చిన్నది కనుక ఉండ లోపల చిక్కుకుపోతుంది.

ఖర్చు చూస్తే ఏమీ లేదు. రెండు పూటల తిరుగుడు, నాలుగు పాత కాగితాలు. క్రిస్మస్ నాడు ఇచ్చిన ఈ పొట్లం మృగశిరలో నేలలో పడితే, గునుగు ఆ ఏడు బతుకమ్మకే అందుతుంది. తంగేడు నిలదొక్కుకోవడానికి మరికొంత కాలం పడుతుంది. చర్చికి వెళ్ళేవారు ఇచ్చిన విత్తనం బతుకమ్మ ఆడేవారి చేతికి పువ్వై వస్తుంది. ఈ రెండు పండుగలకూ మధ్య ఆ విత్తనానికి కావలసింది మందు కొట్టని మూరెడు గట్టు. ఆ మూరెడు వదలడమే ఈ కానుకలో అసలు ఖర్చు.